లెక్కల టీచర్ నుంచి ఆరోగ్య బీమా పాలసీ గారికి

మహారాజశ్రీ ఆరోగ్య బీమా పాలసీ గారికి,

తెనాలి నుంచి మీ పాలసీదారు నమస్కరించి రాయునది ఏమనగా. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఉభయుల్లో కుశలంగా ఉన్నది మీరొక్కరే. నాకు గాల్‌బ్లాడర్ తీసేశారు. దాంతోపాటు ఇంకా ఏమేం తీశారో మీకు తెలుసు. ఇంటికొచ్చాక మీ షరతుల పుస్తకం 42 పేజీలూ భూతద్దం పెట్టుకుని చదివాను. మీరు నా ఉత్తరం ఓపిక పట్టి చదవండి. అక్షరాలు పెద్దవిగానే రాస్తున్నాను.

మొన్న గురువారం ఉదయం పది గంటలకు విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రిలో డాక్టరుగారు వచ్చి చూసి, "బాగున్నారమ్మా, ఇక ఇంటికెళ్లిపోవచ్చు" అన్నారు. నేను గేటు దాటింది రాత్రి ఎనిమిదీ పదికి. మధ్యలో మీ అప్రూవల్ కోసం మంచం మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాను. చేతికి గుచ్చిన సెలైన్ సూది అలాగే ఉంది. తీయమంటే నర్సమ్మాయి, "బిల్లు క్లియరయ్యాక తీస్తామమ్మా" అంది. తాకట్టు పెట్టిన వస్తువులా ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకుంటూ ఉండిపోయాను. మధ్యాహ్నం భోజనం రాలేదు. అడిగితే, "సిస్టమ్‌లో మీరు డిశ్చార్జ్ అయిపోయారు కదా" అన్నారు. వంటింటి లెక్కలో వెళ్లిపోయాను, బిల్లు లెక్కలో ఉన్నాను. డిశ్చార్జ్ అప్రూవల్ మూడు గంటల్లో ఇచ్చితీరాలని బీమా నియంత్రణ సంస్థ మీకు 2024లోనే చెప్పింది. మీ గడియారంలో గంటకు ఎన్ని నిమిషాలో నేను కనుక్కోలేదు.

మూడింటికి క్వెరీ వేశారు: "రాళ్లు ఎప్పటి నుంచి ఉన్నాయి?" నేను వాటికి బారసాల చేయలేదండీ, తేదీ రాసిపెట్టుకోలేదు. అయిదేళ్లు వరసగా ప్రీమియం కట్టినవాళ్లను పాత జబ్బు దాచావంటూ నిలదీయకూడదనీ మీకు నిబంధన ఉంది. నేను 2019 నుంచి కడుతున్నాను. పోనివ్వండి, రాళ్ల సంగతి వదిలేస్తాను. వదల్లేనిది ఇంకొకటి ఉంది.

అదే, గది.

చేరిన రోజు కౌంటర్లో అమ్మాయి, "షేరింగ్ రూములు ఖాళీ లేవమ్మా, సింగిల్ రూమే ఉంది, రోజుకు 6,000. ఇన్సూరెన్సే కదా, మీకేం" అంది. నాది 3 లక్షల పాలసీ. గది అద్దె అందులో ఒక శాతం, అంటే రోజుకు 3,000 దాకానే ఇస్తారని నాకు తెలుసు. నొప్పితో మెలికలు తిరుగుతూనే మనసులో లెక్క వేశాను. రోజుకు తేడా 3,000, నాలుగు రోజులకు 12,000. సరే, 12,000 నా ఖర్మ అనుకుని సంతకం పెట్టాను. 22 ఏళ్లు ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతికి లెక్కలు చెప్పినదాన్ని. నా లెక్క తప్పింది.

మీరు వేసింది నిష్పత్తి, అనుపాతం లెక్కట. 3,000 గదికి అర్హురాలినై ఉండి 6,000 గదిలో పడుకున్నాను గనక కోత గదితో ఆగదట. సర్జన్ ఫీజులో సగం కోత, మత్తు డాక్టరుకు సగం, ఆపరేషన్ థియేటరుకు సగం, నర్సింగుకు సగం. ఒకటికి రెండు. అంటే షేరింగ్ రూములో పడుకుంటే రాళ్లన్నీ జబ్బు, సింగిల్ రూములో పడుకుంటే సగం రాళ్లు జబ్బు, మిగతా సగం నా షోకు.

"అంత్యాల లబ్ధం = మధ్యమాల లబ్ధం" అని నల్లబల్ల మీద ఎన్ని వందలసార్లు రాశానో. "టీచర్, ఇది పెద్దయ్యాక ఎందుకు పనికొస్తుంది?" అని పిల్లలు అడిగేవాళ్లు. కిలో బెండకాయలనీ, గోడ కట్టే కూలీలనీ, ట్యాంకు నింపే పంపులనీ ఏవేవో చెప్పేదాన్ని. ఇందుకని తెలిస్తే ఆ పాఠం రోజు సెలవు పెట్టేదాన్ని.

రండి, బల్ల మీద వేద్దాం. మొత్తం బిల్లు 1,20,000. అందులో గది 24,000, మీరు ఒప్పుకున్నది 12,000. సర్జన్, మత్తు, థియేటర్, నర్సింగ్ కలిపి 56,000, మీరు ఒప్పుకున్నది 28,000. మందులు 22,000, పరీక్షలు 12,000. వీటి మీద ఈ కోత వేయడానికి నిబంధన ఒప్పుకోదు గనక వదిలేశారు. గ్లవ్సు, టోపీలు, ఇంకా నాకు పేర్లు తెలియని ప్లాస్టిక్ సామాను 6,000. అవి పాలసీ కిందికి రావట, సున్నా. వెరసి 74,000. అయిపోయిందనుకున్నాను. 60 దాటాక పాలసీ తీసుకున్న నేరానికి అందులో 20 శాతం కో-పే, అంటే నేనే పెట్టుకోవాల్సిన వాటా, ఉంది కదా, 14,800. చివరికి మీరిచ్చింది 59,200. నేనిచ్చింది 60,800.

మీకన్నా 1,600 ఎక్కువిచ్చాను. ఈ లెక్కన వచ్చే ఏడాది నుంచి ప్రీమియం మీరు నాకు కట్టాలి.

ఈ పాలసీ నాకు అమ్మింది నా శిష్యుడే. లెక్కల్లో ఎప్పుడూ 35 దాటేవాడు కాదు. అనుపాతం పాఠం మొదలుపెడితే చాలు, కడుపునొప్పని ఇంటికెళ్లిపోయేవాడు. అందుకే ఈ కోత సంగతి నాకు ముందే చెప్పలేదంటే దాన్ని మోసం అనను. వాడికి ఆ పాఠం రాదు, అంతే. పైగా గురువారం మూడున్నరకు తెనాలి నుంచి బస్సెక్కి పెరుగన్నం డబ్బా పట్టుకొచ్చింది వాడొక్కడే. సూది లేని చేత్తో తింటుంటే పక్కన నిలబడి తల గోక్కున్నాడు. "క్యాష్‌లెస్ అంటే ఇంతే టీచర్" అన్నాడు. ఒక్క ముక్కలో బానే చెప్పాడు. ఆ రోజుల్లో ఇలా చెప్పి ఉంటే రెండు మార్కులు కలిపేదాన్ని.

ఇంత ఖర్చుకు సిద్ధపడి ఉండాల్సింది కదా అంటారేమో. ఉన్నాను. నా రాబడి చెబుతాను వినండి. మా స్కూలు పీఎఫ్ కట్టడమే ఒక వింత, దాని పుణ్యమా అని నెలకు 1,760 పెన్షన్ వస్తోంది. నవ్వకండి, నేను అదృష్టవంతురాలిని. ఈ పెన్షన్‌కు కనీసం 1,000 అని 2014లో పెట్టారు, పదేళ్లు దాటినా అది కదల్లేదు. ఆయన పోయాక ప్రింటింగ్ ప్రెస్సు అమ్మితే వచ్చిన 6 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వేశాను. 8.2 శాతం చొప్పున మూడు నెలలకు 12,300. పైన పోర్షన్ అద్దె 4,500. అన్నీ కలిపితే నెలకు 10,360. మీ ప్రీమియం 23,100. అంటే ఏడాదిలో రెండు నెలలా వారం నేను మీకోసమే బతుకుతున్నాను. షుగరు, బీపీ బిళ్లలు వేరే. వాటిని మీరు పట్టించుకోరు, మంచాన పడితేనే మనకు చుట్టరికం.

అన్నట్టు, 2025 సెప్టెంబరు 22 నుంచి ఆరోగ్య బీమా మీద జీఎస్టీ ఎత్తేశారంటే ఎంత సంబరపడ్డానో. 18 శాతం, నా మటుకు 3,780. పెద్దవాళ్ల ప్రీమియం ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందుగా సంప్రదించాలని మీకు కట్టడి ఉంది కదా, అందుకని మర్యాదగా సరిగ్గా 10 శాతమే పెంచారు. 2,100. దేవుడిచ్చిన వరాన్ని పూజారి సగానికి పైగా పుచ్చుకున్నట్టుంది.

ప్రభుత్వ కార్డు లేదా అంటారు. ఉంది. నాకు నొప్పి వచ్చిన రోజుల్లోనే బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఎన్టీఆర్ వైద్య సేవ ఆపేశాయి. 70 నిండితే 5 లక్షల ఆయుష్మాన్ కార్డు ఇస్తారు. నాకు 67. మూడేళ్లు ఆగమని గాల్‌బ్లాడర్‌కు నచ్చజెప్పి చూశాను. మా అమ్మాయి కంపెనీ పాలసీలో అమ్మానాన్నలనో అత్తమామలనో, ఒక జతనే పెట్టుకోవాలట. అత్తమామలను పెట్టింది. నేనేమీ అనలేదు. ఇప్పుడూ అనడం లేదు, రాస్తున్నానంతే.

నాకు ఆరు గాజులుండేవి. ఆయనకు రెండున్నరేళ్లు డయాలసిస్ నడిచింది. నాలుగు గాజులు ఆయన వెంట వెళ్లాయి. వారానికి మూడు రోజులు తెనాలి నుంచి గుంటూరు, మధ్యాహ్నం నిద్రపోతున్న ఆయన పక్కన కూర్చుని వార పరీక్షల పేపర్లు దిద్దుకోవడం. రిటైరయ్యాక పేపర్లు లేవు, కూర్చోవడం ఉంది. ఆయన బతికున్నన్నాళ్లూ నాకు జబ్బు చేసే తీరిక లేదు. ఆయన 2018లో పోయారు. మరుసటి ఏడాది, 61 ఏళ్ల వయసులో, నా పేరున నేను తీసుకున్న మొదటి కాగితం మీరే. అంతకుముందు అన్ని కాగితాల్లోనూ నేను నామినీని. ఆయనకు జబ్బు చేస్తే నేనున్నాను, నాకు చేస్తే మీరున్నారనుకున్నాను. చేరేటప్పుడు కౌంటర్లో "మీవారు రాలేదా? అబ్బాయి లేడా?" అని అడిగితే కూడా మిమ్మల్నే చూపించాను, బ్యాగులోంచి తీసి. ప్లాస్టిక్ కవరు వేయించి ఉంచాను మిమ్మల్ని.

ఇంకో సంగతి. ఆపరేషన్ మర్నాడు సెలైన్ స్టాండు తోసుకుంటూ వరండాలో నడుస్తుంటే మంగళగిరి ఆవిడ ఒకరు కలిశారు. అదే ఆపరేషన్, అదే సర్జన్. ఆవిడది షేరింగ్ రూము, పాలసీ లేదు, చేతి డబ్బు. గురువారం ఇద్దరం పక్కపక్కన కూర్చుని, వంటల పుస్తకం చూసుకున్నట్టు, బిల్లులు చూసుకున్నాం. సర్జన్ ఫీజు ఒకటే. మత్తు ఒకటే. థియేటర్ ఒకటే. నర్సింగ్ ఒకటే. గది అద్దెలో తప్ప ఇంకెక్కడా రూపాయి తేడా లేదు. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రుల్లో ఈ అనుపాతం కోత వేయకూడదని నియంత్రణ సంస్థ 2020లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం మా అమ్మాయి వాట్సాప్‌లో పంపింది. ఇన్సూరెన్స్ డెస్క్ కుర్రాడికి రెండు బిల్లులూ, ఆ కాగితమూ చూపించాను. వాడు కంప్యూటరులోంచి తల ఎత్తకుండా, "సాఫ్ట్‌వేర్ అలా తీసుకుంటుందమ్మా" అన్నాడు.

ఇక్కడి నుంచి నిన్ను నువ్వు అంటాను. ఏమనుకున్నా సరే.

సాఫ్ట్‌వేర్ తీసుకోవడమేమిటి? తీసుకున్నది నువ్వు. ఆ దొంగ కోత లేకపోతే, గదిలో సగమూ, గ్లవ్సూ, కో-పే అన్నీ పోనిచ్చినా నువ్వు 81,600 ఇవ్వాలి. ఇచ్చింది 59,200. తేడా 22,400. నా ఏడాది ప్రీమియం దాదాపు అంతే. ఆరేళ్ల నుంచి గడువుకు వారం ముందే కడుతున్నాను, ఒక్క క్లెయిము అడగలేదు. ఒక్కసారి అడిగితే, అన్నం పెట్టకుండా, సూది తీయకుండా, పది గంటలు కూర్చోబెట్టి, నేను నేర్పిన లెక్కనే నా మీద తప్పుగా వేస్తావా? తప్పు లెక్క వేసిన పిల్లవాడికైనా సిగ్గుండేది, స్లేటు వెనక్కి దాచుకునేవాడు.

మిగతా డబ్బు ఎలా కట్టానో అడగవేం? అమ్మాయి సగం పంపింది. మిగతా దానికి నా రెండు గాజులూ శిష్యుడికిచ్చి పంపలేదు, నమ్మకం లేక కాదు, నా సంతకం కావాలన్నారు. ముందు రోజే డబ్బు చాలదేమోనన్న టెన్షన్‌తో, డాక్టరును అడిగి, పొట్ట పట్టుకుని ఆటోలో వెళ్లి వచ్చాను. గోల్డ్ లోను ఆఫీసులో కుర్చీ వేశారు. టీ ఇచ్చారు. గాజులు గీటురాయి మీద గీసి, తూచి, ఆధార్ చూసి, అరగంటలో డబ్బు చేతిలో పెట్టారు. మీవారు రాలేదా అనలేదు. గాజులు ఎప్పటి నుంచి ఉన్నాయి అనలేదు. ఏ గదిలో ఉంటున్నావనలేదు. వడ్డీ తీసుకుంటారు, ఎంతో ముందే చెప్పారు, నేను నోటితోనే సరిచూశాను, లెక్క తప్పలేదు. తాకట్టు కొట్టు దగ్గర దొరికిన మర్యాద బీమా దగ్గర దొరకలేదు.

నీ ఫిర్యాదుల విభాగానికి నిన్ననే స్పీడ్ పోస్టులో పంపాను. రెండు బిల్లుల జిరాక్సులూ, స్టెప్పులతో సహా లెక్కా ఉన్నాయి. మంగళగిరి ఆవిడ తన బిల్లు మీద పేరు కొట్టేసి, "తీసుకోండక్కా, వాళ్లను వదలకండి" అని ఇచ్చింది. నెల రోజులు చూస్తాను. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, బీమా తగాదాలు తీర్చే అధికారి. ఫీజు లేదు, ప్లీడరు అక్కర్లేదు. నాకు తీరికా ఉంది.

వచ్చే సెప్టెంబరులో మళ్లీ ప్రీమియం కడతానని నీకూ తెలుసు, నాకూ తెలుసు. షుగరూ బీపీ ఉన్న 67 ఏళ్లదాన్ని, 70 నిండేదాకా నీతో కాపురం తప్పదు. ప్లాస్టిక్ కవరు తుడిచి మళ్లీ బీరువాలో పెట్టాను. ఈసారి గాజులుండే అరలో. అది ఖాళీగా ఉంది.

ఇట్లు,
తమ విధేయురాలు,
రిటైర్డ్ లెక్కల టీచరు, తెనాలి

తా.క.: బిల్లులో గ్లవ్సు 14 జతలు, టోపీలు 9 అని ఉంది. నా ఒక్క గాల్‌బ్లాడర్‌కు తొమ్మిది తలలు ఎందుకొచ్చాయో తెలియదు గానీ, వాటికి మీరు పైసా ఇవ్వలేదు కాబట్టి అవన్నీ నా సొత్తు. వాడేసినవి వద్దు. వాడనివి ఏమైనా మిగిలి ఉంటే తెనాలి పంపే ఏర్పాటు చేయండి. అంట్లు తోమేటప్పుడు సూది గుచ్చిన చోట సబ్బు నీళ్లు తగిలి మండుతోంది.