పన్నెండు చుక్కల పరిపాలన

కంటితో చూసినదానిలో ఎంతమేరకు మనిషి క్షణకాలం మనసులో నిలుపుకోగలడో తేల్చడానికి 1997లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవెన్ లక్, ఎడ్వర్డ్ వోగెల్ ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. రంగురంగుల చతురస్రాలను సెకనులో పదోవంతు సేపు చూపించి, సెకనుకు కాస్త తక్కువగా తెరను ఖాళీగా ఉంచి, మళ్లీ చూపించి, ఏదైనా రంగు మారిందా అని అడిగారు. మూడు నాలుగింటి వరకు చక్కగా చెప్పినవారు అంతకు మించితే తడబడ్డారు. ఈపాటి దానికి ప్రయోగశాల దేనికో తెలియదు. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీది ఏ అద్దాల మేడలోనైనా సోమవారం ఉదయం ఇదే ప్రయోగం జీతాలిచ్చి మరీ జరుపుతున్నారు.

అక్కడ చతురస్రాలకు బదులు చుక్కలుంటాయి. ప్రాజెక్టు పరిస్థితిని తెలిపే స్లైడులో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చుక్కలు పన్నెండుకు తగ్గకుండా పెట్టడం మేనేజర్ల ఆచారం. నాలుగే ఉంటే, కిందటి వారం ఎర్రగా ఉన్న చుక్క ఏ పనీ జరగకుండానే ఈ వారం ఎలా పచ్చబడిందని, మారతహళ్లి పీజీలో ఉంటూ మొన్న చేరిన కుర్రవాడు సైతం అడిగేవాడు. పన్నెండు ఉండటంతో ఆ ప్రశ్న ఎవరికీ తోచదు. ఒక శాస్త్రసత్యాన్ని పాలనాసూత్రంగా మలచిన ఈ ప్రజ్ఞావంతులలో గుంటూరు, నెల్లూరు వారు తక్కువేమీ కాదని సగర్వంగా మనవి చేస్తున్నాను.

ఇక కునికిపాట్ల విషయం. 1924లో జర్మనీలోని యేనాలో తొలిసారి మనిషి మెదడు విద్యుత్తును నమోదు చేసిన హాన్స్ బెర్గర్, సెకనుకు పదిసార్ల చొప్పున లేచిపడే ఆల్ఫా లయ కళ్లు మూసుకోగానే బలపడుతుందని గుర్తించాడు. మెదడు ఊరకే ఉన్నందుకు అది గుర్తని చాలాకాలం అనుకున్నారు. జ్ఞాపకంలో ఏదైనా పట్టి ఉంచుకోవలసినప్పుడు కూడా ఆ లయ పెరగడం చూసిన తరువాతి పరిశోధకులు, అక్కరలేని దృశ్యాలు లోపలికి రాకుండా అది అడ్డుకుంటోందని వివరించారు. కాబట్టి నలభయ్యో స్లైడు దగ్గర కళ్లు మూసుకున్న ఉద్యోగిని మందలించడం అన్యాయం. ఆయన ఒకటో స్లైడును కాపాడుకుంటున్నాడు. గురక వినిపిస్తే మాత్రం ఈ వాదన నిలవదు, ఎందుకంటే నిద్ర పట్టేసరికి ఆల్ఫా తగ్గి, అంతకన్నా నెమ్మదైన థీటా లయ వస్తుంది.

గుర్తుంచుకోవలసిన వస్తువులు పెరిగేకొద్దీ నెత్తిమీద నమోదయ్యే ఒక విద్యుత్ సంకేతం కూడా పెరిగి, ఎవరి హద్దు దగ్గర వారికి ఆగిపోతుందని 2004లో వోగెల్, మచిజావా చూపించారు. అందుచేత సమావేశానికి వచ్చే ప్రతివారికీ ఎలక్ట్రోడ్ల టోపీ తొడిగి, సంకేతం ఎక్కడ ఆగితే అన్ని చుక్కలే పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. దీనికి అడ్డు వచ్చేది ఖర్చు కాదు. మేనేజరుగారి సంకేతం కూడా నాలుగు దగ్గరే ఆగితే, ఆ పన్నెండింటిలో నిజంగా ఎర్రది ఏదో ఆ భవనంలో ఒక్కరికీ తెలియదన్న సంగతి కాగితం మీదికి ఎక్కుతుంది; అందుకు మానవ వనరుల విభాగం ఒప్పుకోదు.