మూడో నంబరు ప్రమాద హెచ్చరిక గారికి

అయ్యా,

అక్టోబరు, నవంబరు వచ్చాయంటే మీ దర్శనం తప్పదు. వాయుగుండం అన్న మాట వినపడగానే టీవీలో కింద ఎర్ర పట్టీ మీద మీరు పరుగులు మొదలెడతారు: "కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం ఓడరేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక." చదివిన వాళ్లు "ఓస్, మూడేగా" అని చానల్ మార్చేస్తారు. పిల్లాడికి లెక్కల్లో మూడు మార్కులొస్తే వీపు విమానం మోత మోగించే ఇంట్లోనే తుఫానుకి మూడొస్తే ఎంత నిశ్చింతో.

అసలు మీరెవరో ఊళ్లో ఎవరికీ తెలీదు. మీరు పుట్టింది ఓడల కోసం. రేవులో స్తంభానికి పగలైతే సిలిండర్లూ శంకువులూ, రాత్రయితే ఎర్ర దీపాలూ తెల్ల దీపాలూ వేలాడదీస్తే, దూరాన లంగరేసుకున్న ఓడవాళ్లు చూసి తమ సంగతి తాము చూసుకుంటారు. అదీ మీ ఉద్యోగం. రొయ్యల చెరువు గట్టున రేకుల షెడ్డులో కాపలా కాసే మనిషి మిమ్మల్ని ఏం చేసుకోవాలి?

పోనీ మీ వంశవృక్షమైనా తిన్నగా ఉందా? పదకొండుమంది అన్నదమ్ములు. ఒకటీ రెండూ దూరపు చుట్టాలు: ఎక్కడో సముద్రంలో తుఫాను పుట్టేలా ఉందని ఒకటి, పుట్టిందని రెండు. మీరూ నాలుగూ ఊరివాళ్లు. మీరంటే రేవుకి ఈదురుగాలుల బెడద. నాలుగంటే తుఫాను బెడదే, కానీ మరీ హడావుడి పడేంత కాదింకా. ఐదు, ఆరు, ఏడు తుఫానుకి. ఎనిమిది, తొమ్మిది, పది తీవ్ర తుఫానుకి. మెలిక ఇక్కడుంది. ఎనిమిది కంటే తొమ్మిది పెద్దది, తొమ్మిది కంటే పది ఇంకా పెద్దది అని మా లెక్క. కాదట. ఎనిమిదంటే తుఫాను దారికి రేవు ఎడమ పక్కన పడుతుందని, తొమ్మిదంటే కుడి పక్కనని, పదంటే రేవు మీదుగానో దాన్ని ఆనుకునో పోతుందని. బలం తేడా కాదు, పక్క తేడా.

ఏ పక్కయితే ఏంటనుకునేరు. సముద్రం మీంచి పడమటికి వచ్చే తుఫానుకి కుడిచెయ్యి మనకి ఉత్తరం. తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది కాబట్టి, ఉత్తరం పక్క అది సముద్రం మీంచి నేల మీదికి వీస్తూ నీళ్లని ఒడ్డు మీదికి తోస్తుంది. దక్షిణం పక్క నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. 1977 నవంబరు 19న తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. ఉప్పెన తుడిచిపెట్టింది ఉత్తరాన ఉన్న దివిసీమని. సర్కారు లెక్కలోనే సుమారు 10 వేల మంది పోయారు. "తీరం దాటేది మన దగ్గర కాదటలే" అని దుప్పటి ముసుగేసే ముందు, ఆ దాటే చోటుకి మన ఊరు ఏ పక్కనుందో చూసుకోవాలి. ఇంత ముఖ్యమైన సంగతిని ఎనిమిది, తొమ్మిది అనే రెండంకెల మధ్య దాచిపెట్టిన మీ పెద్దలకి ఓ నమస్కారం.

మాకు కావలసింది అంకె కాదండీ, గంటలు. వాతావరణ శాఖ వాళ్లు తీరం వెంబడి పాడు వాతావరణం మొదలయ్యే 48 గంటల ముందు పసుపు రంగు, 24 గంటల ముందు నారింజ రంగు హెచ్చరికలిస్తారు. తీరం దాటే 12 గంటల ముందు ఎరుపు. పాపం ఆ రంగులకి మీ అంత పలుకుబడి లేదు, ఎర్ర పట్టీలో చోటు మీదే.

పసుపు నాడు చెయ్యాల్సిన పని ఇంటి కప్పు మీద ఉంటుంది. రేకు ఎప్పుడూ నడిమధ్యన లేవదు, అంచున లేస్తుంది. చూరు కింద గాలి దూరి పైకి తన్నేది మూలన రేకుని దూలానికి పట్టి ఉంచే జే హుక్కుల్నే. అక్కడి వాషరు ఎండకి పెళుసెక్కి, నట్టు తుప్పు పట్టి ఉంటుంది. పాత హుక్కు పక్కనే రేకుకి చిన్న బెజ్జం పెద్దదై, చుట్టూ తుప్పు నీళ్ల చారికలు కనిపిస్తాయి. నట్టు చేత్తో తిప్పితే తిరిగిందంటే ఆ మూల రేకు లేనట్టే లెక్క. మన ఆనవాయితీ ప్రకారం పైన రాళ్లూ పాత టైర్లూ పెడతాం. రేకు లేచిందా, ముందు ఆ రాయే నెత్తిన దిగుతుంది. దానికి బదులు నైలాను తాళ్లు కప్పు మీదుగా అడ్డంగా వేసి, రెండు పక్కలా భూమిలో దిగ్గొట్టిన గుంజలకి బిగించాలి. గుంజ తల ఇంటికి ఎడంగా, బయటికి వాలి ఉండాలి. నిటారుగా పాతితే తాడు లాగుడికి ఊడొస్తుంది. తాటాకు పాకలకైతే పాత చేపల వల కప్పి కడతారు. తాడు ఒక్క గీత వెంబడే పట్టుకుంటుంది, వల కప్పంతా పట్టుకుంటుంది, ఆ తెలివి మాత్రం మెచ్చుకోవాలి. ఎరుపు రంగు వచ్చాక నిచ్చెన వేసుకుని ఈ పనికి దిగేవాళ్లకి మీ తమ్ముడు పదో నంబరు కూడా ఏం చెయ్యలేడు.

కొబ్బరి చెట్టు దింపు తీయించడం, ఎండు మట్టలు నరికించడం కూడా అప్పుడే. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో చెట్లు ఎలా కూలాయో అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. గాలి నాడు కొబ్బరికాయ కూడా ఫిరంగి గుండే.

నీళ్ల సంగతికొస్తే, మోటారు కరెంటుది, క్యాన్ల నీళ్ల ప్లాంటూ కరెంటుదే. మనిషికి రోజుకి మూడు లీటర్లు తాగడానికే వేసుకున్నా ఐదుగురికి ఐదు రోజులకి 75 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు నాలుగు. వాడకానికి డ్రమ్ములు వేరే. బీపీ, షుగరు మాత్రలు వారానికి సరిపడా ఉండాలి. తుఫాను మర్నాడు మందుల షాపు తెరిచినా, మధ్యలో రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్టు తెరవదు. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్లు, బియ్యం కార్డు, బ్యాంకు పుస్తకం ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గాలి తీసి, మూతి రెండు మడతలు మడిచి, ఇంకో కవర్లో తలకిందులుగా దించాలి. ఈ పొట్లం బీరువాలో ఉండకూడదు, గుమ్మం దగ్గరి సంచిలో ఉండాలి. బీరువా తాళాల కోసం వెతుకుతూ ఆగినవాళ్లు ఎప్పుడూ ఆలస్యమే.

పశువుల సంగతి చెప్పడానికి మీ అన్నదమ్ముల్లో ఒక్కరికీ నోరు రాదు. ఉప్పెన భయమున్న చోట ఇల్లు వదిలేటప్పుడు పలుపు విప్పేయాలి. విప్పితే గేదె ఈదుతుంది, కట్టు మీదుంటే రాటకే పోతుంది.

ఇక తుఫాను షెల్టర్‌కి వెళ్లమంటే "గాలి తగ్గాక వెళ్దాంలే" అంటాం. గాలి తగ్గడం అంత నమ్మదగ్గ పని కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్యన గాలి లేని చోటు, విశాఖ మీదుగా పోయింది. కన్ను వచ్చినప్పుడు గాలి ఆగుతుంది, ఆకాశం కాస్త తెరిపిస్తుంది, జనం ఎవరి రేకు ఎక్కడ పడిందో చూడ్డానికి బయటికొస్తారు. తర్వాత అవతలి దిక్కునుంచి అంతే గాలి మళ్లీ విరుచుకుపడుతుంది. మొదటి విడతలో ఒరిగి ఆగిన గోడ రెండో విడతలో అటు నుంచి పడుతుంది.

తర్వాత రోజుల్లో మనల్ని పట్టుకునేది గాలి కాదు, బావి. మామూలు లెక్కన 1000 లీటర్ల నీటికి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పొడి. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీళ్లున్న బావిలో సుమారు 9400 లీటర్లుంటాయి, అంటే మామూలు రోజుల్లో పాతిక గ్రాములు చాలు, వరద నీళ్లు దిగిన బావికి ఇంకా ఎక్కువ కావాలి. దాన్ని గుప్పెళ్లతో బావిలో విసరకండి. బకెట్లో కొంచెం నీళ్లతో ముద్దలా కలిపి, మరిన్ని నీళ్లు పోసి, పది నిమిషాలాగితే సున్నం అడుగున పేరుకుంటుంది. పైతేట మాత్రం వేరే బకెట్లోకి వంచి, తాడుతో నీటి మట్టానికి కాస్త కిందికి దించి, పైకీ కిందికీ ఆడించాలి. గంటసేపు ఎవరూ తోడకూడదు. కరోనా నాడు కొని మూతి విప్పి మూలన పడేసిన పొడి అయితే ఈ లెక్క పని చెయ్యదు, చెమ్మ తగిలి దాని ఘాటు ఎప్పుడో పోయింది.

చివరగా మీ కడగొట్టు తమ్ముడు పదకొండు. అతనంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. మీ అందరిలో మా ఇంటికి పనికొచ్చేవాడు అతనొక్కడే, ఎందుకంటే సెల్ టవర్‌కి డీజిలు అయిపోయిన గంట నుంచీ ప్రతి ఇంట్లోనూ ఎగిరేది ఆ నంబరే. ఫోన్లో ఎఫ్ఎం ఉన్నా, వైరున్న ఇయర్‌ఫోను గుచ్చకపోతే చాలా ఫోన్లలో అది పలకదు, ఆ వైరే దాని ఏంటెనా. ఇంట్లో వైరు ఇయర్‌ఫోన్లు పోయి చాన్నాళ్లయింది. సెల్లులతో పనిచేసే చిన్న రేడియో ఒకటి ఉంటే ఆ రాత్రికి అదే దిక్కు. జిల్లా కంట్రోల్ రూము 1077, రాష్ట్రానిది 1070 అన్న నంబర్లు ఫోన్లో కాదు, గోడ మీద బొగ్గుతో రాసుకోవాలి.

అంచేత ఈసారి వచ్చేటప్పుడు మీ అంకె పక్కన ఎన్ని గంటలుందో, మా ఊరు కుడో ఎడమో కూడా రాయించుకురండి. లేదంటే రేవులోనే ఉండి ఓడల్ని చూసుకోండి.

ఇట్లు,
కట్టకి దిగువన కాపురం ఉండేవాళ్లు

తా.క.: అటక మీది టార్చి దొరికింది. దాని పెన్సిలు సెల్లులు గోడ గడియారంలో ఉన్నాయి.