అందరి నిద్రకూ ఒకే గంటా?

సంక్రాంతి సెలవులకు మా అన్నయ్య కొడుకును గుంటూరు తీసుకురావడానికి విజయవాడ శివార్లలోని ఒక ఇంటర్ హాస్టల్‌కు తెల్లవారకముందే వెళ్లాను. స్టడీ హాల్లో వెనక గోడ వారగా అయిదారుగురు పిల్లలు నిలబడి ఉన్నారు. కూర్చుంటే కునుకు తీస్తున్నారని నిలబెట్టారట. మావాడు ఫిజిక్స్ పుస్తకం గుండెకు ఆనించుకుని, రెప్పలు వాలినప్పుడల్లా తల విదిలించుకుంటున్నాడు. “ఒళ్లు బద్ధకం అండీ, పక్కవాడు చదవడం లేదూ?” అన్నారు వార్డెన్.

పక్కవాడి మెదడు వేరు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పోగుపడి నిద్రను రప్పిస్తుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ తాలూకు జన్యువులో ఒక్క అక్షరం తేడా ఉన్నవారికి తక్కినవారికంటే సుమారు అరగంట ఎక్కువ గాఢనిద్ర పడుతుందనీ, ఆ నిద్రలో డెల్టా తరంగాలు, అంటే గాఢనిద్రలో మెదడులో కనిపించే నెమ్మదైన విద్యుత్ తరంగాలు, మరింత బలంగా ఉంటాయనీ జ్యూరిక్ పరిశోధకులు 2005లో చూపారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది శరీర గడియారానికి సంబంధించిన పీఈఆర్3 జన్యువు. ఇందులో ఒక భాగం కొందరిలో నాలుగుసార్లు, కొందరిలో అయిదుసార్లు వరసగా వస్తుంది. 2007లో ఇంగ్లండ్‌లోని సర్రే విశ్వవిద్యాలయం వారు ఈ రెండు రకాలవారినీ రాత్రంతా మేల్కొని ఉంచి పరీక్షించినప్పుడు, తల్లిదండ్రులిద్దరి నుంచీ అయిదుసార్లు వచ్చే పొడవైన రూపం పొందినవారు, అంటే మామూలు రాత్రుల్లో గాఢనిద్ర ఎక్కువగా పోయేవారు, తెల్లవారుజామున ధ్యాస, జ్ఞాపకశక్తి పరీక్షల్లో బాగా వెనకబడ్డారు. రెండోరకంవారు అంతగా దెబ్బతినలేదు. మన హాస్టళ్ల స్టడీ అవర్ సరిగ్గా ఆ వేళే మొదలవుతుంది.

ఈ అధ్యయనాలు కొద్దిమంది మీద జరిగినవనీ, వందలమందిని నడపాలంటే ఒకే టైమ్‌టేబుల్ తప్పదనీ యాజమాన్యాలు అనవచ్చు. మొదటిది నిజమే. రెండోది నిర్వహణ సౌలభ్యమే కానీ చదువుకు సంబంధించిన కారణం కాదు.

నాలుగైదు గంటలే పడుకుని ర్యాంకు కొట్టినవాణ్ణి ఇక్కడ ప్రతి హాస్టల్లోనూ ఆదర్శంగా చూపుతారు. ఆరుంపావు గంటల నిద్రతోనే హాయిగా గడిపే ఒక తల్లీకూతుళ్లలో డీఈసీ2 జన్యువు మార్పును 2009లో అమెరికాలో గుర్తించారు. అటువంటి మార్పులు చాలా అరుదు. అరుదైనవారి కొలతతో వందలమంది పిల్లల నిద్రను కత్తిరిస్తున్నాం. తట్టుకోలేనివాడికి బద్ధకస్తుడని పేరు పెడుతున్నాం. మన విజయవాడ, గుంటూరుల్లో చదువంటే కూర్చున్న గంటల లెక్కగా మారి చాలా ఏళ్లయింది. పుట్టుకతో వచ్చిన తేడాను క్రమశిక్షణ లోపంగా రాసుకోవడం అక్కడి నుంచే వచ్చింది.

తెల్లవారుజాము స్టడీ అవర్‌ను పిల్లల ఇష్టానికి వదలాలి. లేవగలిగినవాడు లేస్తాడు, లేనివాడు సాయంత్రం ఆ గంట చదువుకుంటాడు. అడ్మిషన్ రోజున మెస్‌లో ఏం పెడతారు, ఏసీ ఉందా అని విచారించే తల్లిదండ్రులు, రాత్రి లైట్లు ఎన్నింటికి ఆర్పుతారో, పొద్దున గంట ఎన్నింటికి కొడతారో కూడా అడగాలి.