బ్రౌజర్ మారితే బటన్ మాయం

దరఖాస్తు ఫారమంతా ఓపికగా నింపారు. సమర్పించడమే తరువాయి. ఫోన్‌లో ఎంత వెతికినా ఆ బటన్ కనిపించదు. కంప్యూటర్‌లో తెరిస్తే మాత్రం ఉండాల్సిన చోటే ఉంటుంది. పేజీ తెరకు నిండుగా రావాలని డెవలపర్ కోడ్‌లో ‘100 వీహెచ్’ అని, అంటే తెర ఎత్తులో నూరు శాతమని రాశారు. ఐఫోన్‌లోని సఫారీ బ్రౌజర్ ఆ ఎత్తును అడ్రస్ బార్ ముడుచుకున్నప్పటి లెక్కన తీసుకుంటుంది. బార్ తెరుచుకుని ఉన్నంతసేపూ పేజీ అడుగుభాగం దాని చాటునే ఉండిపోతుంది. బార్‌ను బట్టి మారుతూ ఈ చిక్కు తీర్చే ‘డీవీహెచ్’ కొలత 2022లో గానీ బ్రౌజర్లలోకి రాలేదు.

ఇలాంటివి ఒకటా రెండా? పేజీలోని పెట్టెలను వరుసగా అమర్చే ఫ్లెక్స్‌బాక్స్ పద్ధతిలో వాటి మధ్య ఎడం ఇచ్చే ‘గ్యాప్’ ఫైర్‌ఫాక్స్‌కు 2018లో, క్రోమ్‌కు 2020లో, సఫారీకి 2021లో వచ్చింది. పోనీ, ఈ సదుపాయం ఉందా అని కోడ్‌లోనే బ్రౌజర్‌ను అడుగుదామంటే, గడులుగా అమర్చే గ్రిడ్ పద్ధతిలో అదే గ్యాప్ అప్పటికే పనిచేస్తోంది కనుక ‘ఉంది’ అనే జవాబొచ్చేది. తీరా చూస్తే బటన్లన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండేవి. డెవలపర్ల రాత్రులు ఇలాంటి వాటికే కరిగిపోతున్నాయి. బయటికి కనిపించని ఈ శ్రమకు గుర్తింపూ లేదు, గడువులో చోటూ లేదు.

‘వేరే బ్రౌజర్‌లో చూడండి’ అన్న సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. ఐఫోన్‌లో అది పెద్దగా అక్కరకు రాదు. బ్రౌజర్ పేరు ఏదైనా, పేజీని తెరపై చూపే లోపలి ఇంజిన్ మాత్రం సఫారీ వాడే వెబ్‌కిట్టే కావాలని ఆపిల్ ఏళ్ల తరబడి నిబంధన పెట్టింది. ఐరోపా యూనియన్ చట్టం వల్ల 2024లో ఆ దేశాల వరకు అది సడలింది.

అందరూ ఒకే ఇంజిన్ వాడితే పీడా పోతుందనే వాదనా ఉంది. ఒపెరా 2013లో, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 2020లో క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం బాట పట్టాయి కూడా. ఈ వాదనతో మేం ఏకీభవించలేం. పోటీదారును మట్టికరిపించిన మైక్రోసాఫ్ట్ 2001లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 తెచ్చి, తర్వాతి వెర్షన్ ఇవ్వడానికి 2006 దాకా ఆగింది. ఆ అయిదేళ్ల బగ్గుల భారం ఆ తర్వాత కూడా చాలాకాలం డెవలపర్లు మోశారు.

కావలసింది ఒకే ఇంజిన్ కాదు, అన్ని ఇంజిన్లూ ఒకే ప్రమాణాన్ని పాటించడం. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా తదితర సంస్థలు 2022 నుంచి ‘ఇంటరాప్’ పేరిట ఏటా కొన్ని అంశాలు ఎంచుకుని, ఉమ్మడి పరీక్షలతో తేడాలు సరిదిద్దుకుంటున్నాయి. దీన్ని మనసారా స్వాగతిస్తున్నాం. అయితే ఆ ఫలం పాత ఫోన్లకు చేరడం లేదు. ఐఫోన్‌లో సఫారీ కొత్త వెర్షన్ ఐఓఎస్‌తో పాటే వస్తుంది. ఫోన్‌కు ఐఓఎస్ అప్‌డేట్లు ఆగిపోతే బ్రౌజర్ కూడా అక్కడే ఆగిపోతుంది. కొత్త ఫోన్ కొనలేనివారే ఆ బటన్ కోసం వెతుక్కుంటూ మిగులుతారు.

అందుకే పని అప్పగించేవారు పరీక్షకు పట్టే రోజులను ఒప్పందంలోనే రాయాలి, వాటికి డబ్బు చెల్లించాలి. ప్రజలకు తప్పనిసరి సేవలు అందించే పేజీలైతే బ్లింక్ (క్రోమ్), వెబ్‌కిట్ (సఫారీ), గెకో (ఫైర్‌ఫాక్స్) ఇంజిన్లు మూడింటిలోనూ, ఒక పాత ఫోన్ చేతపట్టుకుని మరీ, ఫారం చివరి బటన్ దాకా నొక్కి చూశాకే విడుదల చేయాలి.