సవరణ: సికింద్రాబాద్ క్లాక్ టవర్ కట్టిన సంవత్సరం

సికింద్రాబాద్ క్లాక్ టవర్‌ను 1860లో కట్టారని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. 1860 అనేది బ్రిటిష్ ప్రభుత్వం టవర్ ఉన్న పదెకరాల స్థలం ఇచ్చిన సంవత్సరం. నగర చరిత్ర మీద వచ్చిన రాతలు మళ్లీ చూస్తే, 120 అడుగుల టవర్ కట్టింది 1896లో అని తేలింది. 1897 ఫిబ్రవరి 1న అప్పటి హైదరాబాద్ రెసిడెంట్ (నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి) ట్రెవర్ ప్లౌడెన్ ప్రారంభించారు.

ఇంకో మాట. గడియారం కూడా బ్రిటిష్ వాళ్లే పెట్టించారని కొందరు కామెంట్లలో అన్నారు. కాదు, దాన్ని విరాళంగా ఇచ్చింది ఇక్కడి వ్యాపారి దివాన్ బహదూర్ సేఠ్ లక్ష్మీనారాయణ రాంగోపాల్. ఆ పేరు అందరికీ తెలియాలి. 2006లో సికింద్రాబాద్ 200 ఏళ్ల వేడుకలకు లోగోగా పెట్టుకున్నది ఈ టవర్ బొమ్మనే. పాత పోస్టులో సంవత్సరం మార్చాను. షేర్ చేసినవాళ్లు కూడా దయచేసి సరిచేయండి.