ఇంట్లో ఉన్నామంటే ఖాళీగా ఉన్నట్టు కాదు

"పిల్లలు ఇంట్లోనే ఉన్నారుగా, మా పార్సిల్ కాస్త తీసుకోమ్మా." "ఇంట్లోనే ఉన్నాడుగా, పెద్దాణ్ణి ఓసారి కొట్టుకి పంపు." ఇరుగుపొరుగు వాళ్లది రోజూ ఇదే వరస. మా పిల్లల్ని స్కూలుకి పంపకుండా ఇంట్లో నేనే చదువు చెబుతాను. పొద్దున 9 నుంచి 12 దాకా మాకు బడే. కోనసీమలో మా ఇంటి అరుగు మీద జరుగుతుంది, అంతే తేడా.

నిన్న 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన సంగతి చెబుతున్నాను. చిన్నది పలక మీద గోదావరి గీసి, ఆనకట్ట దగ్గర్నుంచి కాలవలు లాగుతూ మా వీధి చివరి కాలవ దాకా వచ్చేసింది. సరిగ్గా అప్పుడే గేటు చప్పుడు. కుక్క మొరుగుతూ లేచింది, పిల్లి బెదిరి పలక మీంచి దూకింది, గౌతమి పాయ సగం చెరిగిపోయింది.

వచ్చినావిడకి కావలసింది కరివేపాకు. అది ఇవ్వడానికి నాకేం బాధ లేదు. "వీళ్లని స్కూల్లో ఎప్పుడు వేస్తారు?" అని పిల్లల ముందే అడిగారు, అదీ బాధ. పెద్దాడి మొహం చిన్నబోయింది. 14 ఏళ్లు నిండాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష రాస్తాడని ఎన్నిసార్లు చెప్పాలండీ?

ఆవిడ వెళ్లాక బాతులకి తవుడు కలిపి పెట్టి వచ్చేసరికి, చిన్నది తడిగుడ్డతో పిల్లి అడుగులు తుడిచేసి, మళ్లీ ధవళేశ్వరం నుంచి మొదలుపెట్టింది. దాన్ని చూస్తే ప్రాణం లేచొచ్చింది.

దయచేసి 12 దాటాక రండి. కరివేపాకు నేనే కోసి ఉంచుతాను.