అర్థమైందా అంటే తలూపుతుంది మా అమ్మ

అనంతపురం దగ్గర పల్లె మాది. అమ్మకు షుగర్ వచ్చి 3 ఏళ్లు. పోయిన శనివారం ఒక్కపొద్దు ఉండి కూడా పొద్దున్నే షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర మానకుండా వేసుకుంది. 11 గంటలకల్లా ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, వాకిట్లోనే కూలబడింది. పక్కింటి అక్క గబగబా బెల్లం నీళ్లు తాపింది కాబట్టి సరిపోయింది.

తిండి మానిన రోజు ఆ మాత్ర వేసుకుంటే చక్కెర మరీ పడిపోతుంది. ఈ ఒక్క మాట ఇన్నేళ్లలో ఆమెకు తెలుగులో చెప్పినవాళ్లు లేరు. చీటీ మీద 'బిఫోర్ ఫుడ్' అని రాసిచ్చారు, అంతే!

అమ్మే అడగొచ్చు గదా అంటారు. ఎట్లా అడుగుతుంది? డాక్టరు గది బయట 40 మంది, లోపల 2 నిమిషాలు. "అరికాళ్లు మండుతాండాయి సార్, దూది మీద నడిచినట్టుంటాది" అంటే డాక్టరు తలెత్తకుండా 'న్యూరోపతి' (నరాలు దెబ్బతినడం) అని రాసుకున్నారు. "కార్బోహైడ్రేట్లు తగ్గించమ్మా, అర్థమైందా?" అంటే తలూపింది. ఇంటికొచ్చి శనక్కాయలు మానేసింది. కార్బోహైడ్రేట్లు ఎక్కువుండే సంగటి ముద్ద మాత్రం రెండు పూటలా అంతే. రాగులు షుగర్‌కు మంచివని ఊరంతా చెప్తారు మరి.

డాక్టర్ల మీద ఒత్తిడి నాకూ తెలుసు. కానీ "ఒక్కపొద్దులు ఉంటావామ్మా? సంగటి ఎంత తింటావు?" అనడానికి అర నిమిషం చాలు. "అర్థమైందా" అని కాదు, "ఇంటికి పోయి ఏం చేస్తావో చెప్పు" అని అడగండి సార్.

నిన్న రాత్రి నేనే కూర్చుని మాత్రల డబ్బాల మీద సూర్యుడి బొమ్మ, పక్కన అన్నం గిన్నె బొమ్మ గీశాను.